సమ్మతి ఉన్నవాళ్ళు లేవండి

గుడ్డ కింద రొట్టె ఒక పక్కకు ఒరిగి ఉందన్న సంగతి ఆ హాల్లో ఆమె ఒక్కతెకే తెలుసు. బల్ల మీద పరిచిన తెల్లగుడ్డలో నడుమ లేవాల్సిన గుట్ట కాస్త ఎడంగా లేచింది, చూసినవాళ్ళు గుడ్డ సరిగ్గా పరవలేదనుకుంటారు, అనుకోనీ, గుడ్డకు నోరు లేదు, ఎవరేమన్నా పడుతుంది. పిండి పిసికింది ఎడమచేత్తో. ఆ చేతికి ఇన్నేళ్ళూ ఏ పనీ నేర్పలేదు, గిన్నె కదలకుండా పట్టుకోవడానికి తప్ప దాన్ని పిలిచిందే లేదు, నిన్న సాయంత్రం ఉన్నట్టుండి నువ్వే రావాలి అంటే పాపం అది మాత్రం ఏం చేస్తుంది, ఒక వైపు లావుగానూ ఒక వైపు పల్చగానూ చేసి పెట్టింది. కుడిచెయ్యి ముసుగు గుడ్డ కింద ఒళ్ళో పడుకుని ఉంది. పొడుగు జాకెట్టు చెయ్యి మణికట్టు దాటించి వేళ్ళ మొదళ్ళ దాకా లాక్కుంది, ఇంత ఉక్కలో ఇదేం వేషమని అడిగేవాళ్ళు లేరు, ఒళ్ళంతా కప్పుకున్న ఆడదాన్ని చూసి ఈ హాల్లో సంతోషించేవాళ్ళే గానీ సందేహించేవాళ్ళు లేరు. ఆదివారం ఆరాధన, ఇంకా మొదటి పాట ఎవరూ ఎత్తలేదు. అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు, పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది, ఆ మౌనంలో మణికట్టు ఒక్కటే లోపల్లోపల దబదబ కొట్టుకుంటోంది, పక్కన కూర్చున్న పోస్టు మామ్మకు వినపడుతుందేమోనని ఆమెకు పిచ్చి భయం.

ఇవాళ ఆయన్ని సంఘ పెద్దగా నిలబెడతారు. ఆయనంటే ఆమె భర్త, బజారులో కాటాలు బాగుచేసే మనిషి, కొట్లవాళ్ళకు కాటా మేస్త్రీ, ఈ సంఘానికి కాటా బ్రదర్, ఆ వరసన ఆమె కాటా వదిన. తూచి మాట్లాడతాడని ఆ పేరు ఇంకాస్త గట్టిగా అతుక్కుంది. అబద్ధం కాదు, తూచే మాట్లాడతాడు. తప్పుడు కాటాను చూసీచూడనట్టు పొమ్మని ఒక పెద్ద వ్యాపారి కవరు చేతిలో పెట్టబోతే అందరి ముందూ వెనక్కి నెట్టేసిన మనిషి, కూరలమ్ముకునే ముసలమ్మ కాటాకు పైసా తీసుకోకుండా కొత్త స్ప్రింగు వేసిన మనిషి. ఆ కథలన్నీ నిజం, వాటిలో ఒక్కటైనా అబద్ధమై ఉంటే ఆమెకు ఇంత కష్టం ఉండేది కాదు. ఇంట్లో కూడా తూకమే. చెయ్యి లేచినా తూకంగానే లేస్తుంది, మొహం మీద పడదు, పదిమందికీ కనపడే చోట పడదు, ఎంత పడాలని ఆయన అనుకుంటాడో అంతే పడుతుంది, చిల్లర ఎక్కువ తక్కువ ఉండదు. ఆ తర్వాత నూనె వెచ్చచేసి తెచ్చి తనే రాస్తాడు, మోకాళ్ళ మీద పడి కళ్ళనీళ్ళతో ప్రార్థన చేస్తాడు, మమ్మల్ని క్షమించు ప్రభువా అంటాడు. మమ్మల్ని అట. కొట్టింది ఒకరు, క్షమాపణ ఇద్దరికీ. ఆ మాట దగ్గరే ఆమెకు ఒళ్ళు మండుతుంది, నూనె వేడికి కాదు.

కుడివైపు మగవాళ్ళ బెంచీల నుంచి ఎవరో పాట ఎత్తారు, ఎవరో ఏమిటి, కరెంటు పని చేసే బ్రదర్, అపస్వరం చెబుతూనే ఉంది, అయినా అందరూ అందుకున్నారు, ఆమె కూడా అందుకుంది. ఆడవాళ్ళు పాడవచ్చు. పాడటం ఒక్కటే చేయవచ్చు, ఆరాధనలో ఆడది నోరెత్తి మాట్లాడకూడదు, అందుకే ఈ ఎడమవైపు పాట మొదలైతే హాలు కప్పు లేచిపోతుంది, వారమంతా నోరు కట్టుకున్నవాళ్ళ గొంతులు కదా. ఆమె ఈ హాలును ప్రేమించింది, ఆ మాట దాచుకోవడమెందుకు. టైర్ల కొట్టు మీద అద్దెకు తీసుకున్న ఈ ఒక్క గది, కింద నుంచి వచ్చే రబ్బరు వాసన, పక్కవాళ్ళు గోల అంటారని ఎప్పుడూ మూసి ఉండే కిటికీలు, నడుమ చాప పరిచిన సన్నటి దారి, దారికి ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు, ముందర ఒక మామూలు బల్ల. మెట్ల తలుపు మగవాళ్ళ వైపు ఉంది, మధ్యలో లేచి బయటికి వెళ్ళాలంటే వాళ్ళందరినీ దాటుకుని పోవాలి, అందుకని ఆడవాళ్ళెవరూ మధ్యలో లేవరు, దగ్గొచ్చినా గుడ్డ నోట్లో కుక్కుకుంటారు. ఇదివరకు వాళ్ళు వెళ్ళిన పెద్ద మందిరం ఇలా ఉండేది కాదు. అక్కడ పాస్టరుగారికి మెత్తటి కుర్చీ, ఆయన బావమరిది చేతిలో మైకు, డ్రమ్ముల చప్పుడుకు గుండె అదిరిపోయేది, ఎవరు పెద్దగా ఉండాలన్నా చేతులెత్తి ఓట్లు, ఓట్ల ముందు రోజు ఇళ్ళకు తిరగడాలు. కాటా బ్రదర్ ఒకరోజు లేచి నిలబడి అడిగాడు, మొదటి శిష్యుల దగ్గర మైకు ఉందా కుర్చీ ఉందా, ఒక్క మనిషి చేతిలో మందంతా పెట్టమని ఎక్కడ రాసి ఉంది, ఇది సంఘమా వార్డు ఎలక్షనా అని. ఆ రోజు ఆయన వెనక నడిచి బయటికొచ్చిన మొట్టమొదటి మనిషి ఆమే. తల ఎత్తుకుని నడిచింది. వాక్యంలో ఎలా ఉందో అలాగే చేద్దామన్నాడు, సంఘం ఒకే శరీరం గనక అందరూ విరుచుకు తినేది ఒకే రొట్టె, జీతగాడు వద్దు, పెద్దలే మందను చూసుకుంటారు, ఎవరికి ప్రేరణ కలిగితే వాళ్ళు పాట ఎత్తుతారు, ప్రార్థన చేస్తారు, లేకపోతే మౌనంగా ఉందాం, మౌనం కూడా ఆరాధనే. ఎంత బాగుందో ఆ మాట! మొదట్లో ఈ మౌనంలో కూర్చుంటే కుట్టుమిషన్ల మోత అంతా చెవుల్లోంచి కారిపోయేది, వారమంతా రెడీమేడ్ కొట్లో కాజాలు కుట్టి కుట్టి వాచిన కళ్ళు చల్లబడేవి. ఇప్పుడు అదే మౌనం బయట గడియ పెట్టిన గదిలాగా ఉంది. మౌనం మారలేదు, తనే మారిందేమో, లేక ఇన్నాళ్ళూ గడియ చప్పుడు వినిపించుకోలేదేమో.

మామ్మ భర్త పోస్టు తాతయ్య లేచి చిన్న ప్రార్థన చేసి కూర్చున్నాడు. ఉత్తరాలు పంచి పంచి రిటైరైన మనిషి, ఈ సంఘానికి ఇప్పుడు మిగిలిన ఒకే ఒక్క పెద్ద. రెండో పెద్దాయన వానాకాలంలో పోయాడు. అప్పట్నించీ తాతయ్యకు నిద్ర లేదట, మామ్మ చెప్పింది, వాక్యంలో ఎక్కడ చూసినా పెద్దలు పెద్దలు అనే ఉంటుందే, ఒక్కడే పెద్ద అని ఎక్కడా ఉండదే, నేనొక్కణ్ణే అన్నీ చూస్తే నాకూ ఆ పాస్టరుకీ తేడా ఏముంది అని మంచం మీద కూర్చుని మథనపడుతున్నాడట. మంచివాడు. కాటా బ్రదర్ని మించినవాడు లేడని అందరూ అన్నా సరే, తొందరపడకూడదు, ఇంటిని చక్కగా నడుపుకుంటున్నాడా లేదా వెళ్ళి చూడాలని ఇంకొక సహోదరుణ్ణి తోడు తీసుకుని ఇంటికొచ్చాడు. మామ్మ రాలేదు, ఆదివారం ఈ హాలు మెట్లెక్కడమే ఆ మోకాళ్ళకు గగనం, మళ్ళీ ఆ ఇంటి మెట్లు కూడానా. వచ్చి ఉంటే వంటగదిలోకి వచ్చేది, ఆ పీట మీద కూర్చునేది, ఏమే అలా ఉన్నావు అనేది. మగవాళ్ళు ముందుగదిలోనే కూర్చున్నారు, ముందుగది చూసి ఇల్లు చూశామనుకున్నారు. గోడకు ఆయన తన చేత్తో రాసి అంటించుకున్న వాక్యం చూశారు, తుడిచి మెరుస్తున్న కాటాలు చూశారు. పిల్లలు ఉండి ఉంటే పిల్లల్ని చూసేవాళ్ళు, చెప్పిన మాట వింటారా లేదా అని. పిల్లలు లేరు. మరి ఏలుబడి దేన్ని బట్టి చూడాలి బ్రదర్, అని తాతయ్య పాపం మొహమాటపడుతూ అడిగాడు. ఆయన నవ్వి, టీ కప్పులు పట్టుకొచ్చిన ఆమె వైపు చెయ్యి చూపించి అన్నాడు.

"నా ఇల్లంటే ఈమేనండీ. ఈమెనే చూసుకోండి."

చూశారు. ముగ్గురూ ఒకేసారి తలెత్తి చూశారు. బజారులో కొత్త కాటాను పరీక్షించేటప్పుడు పళ్ళెంలో రాయి పెట్టి ముల్లు వైపు అలాగే చూస్తారు. తాతయ్య గొంతు తగ్గించి, ఏమ్మా, నీకేమైనా చెప్పాల్సింది ఉంటే చెప్పు తల్లీ, అన్నాడు, ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు, కాలు మీద కాలు కూడా వేసుకోలేదు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వినయంగా కూర్చున్నాడు. పులిని పక్కన కూర్చోబెట్టుకుని లేడిని అడ్రసు అడిగినట్టుంది వీళ్ళ యవ్వారం అని ఇప్పుడు నవ్వొస్తోంది గానీ అప్పుడు రాలేదు. ఏం లేదండి, అంది. ఆ రెండు మాటలే అంది. టీ చల్లారిపోతుంది తాగండి, అని కూడా అంది. ఆ మాట పుచ్చుకుని వాళ్ళు తృప్తిగా మెట్లు దిగి వెళ్ళిపోయారు, ఆ మాటే ఇప్పుడు మెడకు చుట్టుకుని ఉంది. అడగలేదని అనడానికి లేదు, అడిగారు. చెప్పనివ్వలేదని అనడానికి లేదు, చెప్పింది. ఎవరు మాత్రం ఏం తప్పు చేశారు, అంతా పద్ధతి ప్రకారమే జరిగింది, పద్ధతి ప్రకారం జరిగిన దాంట్లోంచి బయటపడటం ఎంత కష్టమో ఆమెకు ఇప్పుడు తెలుస్తోంది.

చెయ్యి లాగుతోంది. వేళ్ళు కదిపి చూసుకుంది, కదులుతున్నాయి, విరగలేదు, విరగదు, ఆయనకు తెలుసు ఎక్కడ ఆపాలో. పోయిన ఆదివారం రొట్టెకు పగులు వచ్చింది. పెనం మీద మూతపెట్టి కాల్చేటప్పుడు సెగ ఎక్కువై నెత్తిన సన్నగా చీలింది. బల్ల దగ్గర అందరి ముందూ విరిచేదాకా రొట్టె నిండుగా ఉండాలి, అది వీళ్ళ పట్టుదల, ముందే చీలిన రొట్టె చీలిన సంఘాన్ని చూపిస్తుందని ఆయన ఒకసారి గంటసేపు బోధించాడు. ఇంకో రొట్టె చేసే వేళ లేక ఆమె పగులు వైపు కిందికి పెట్టి తెచ్చింది. తాతయ్య స్తుతి చెప్పి రొట్టె పైకి ఎత్తగానే పగులు అందరికీ కనపడింది. ఎవరూ ఏమీ అనలేదు, తాతయ్య అయితే అసలు చూడనే లేదు. ఆయన చూశాడు. ఇంటికి వెళ్ళేదాకా ఒక్క మాట లేదు, ఆ రోజంతా లేదు, ఆ మర్నాడూ లేదు, ఆమెకు ఆ మాట్లాడకపోవడమే ఎక్కువ, పడాల్సింది ఎప్పుడు పడుతుందా అని ఒళ్ళు దగ్గరకు ముడుచుకుని తిరగడం. మొన్న అన్నం పెడుతుంటే నెమ్మదిగా అన్నాడు, కూర్చో, మాట్లాడాలి. నన్ను పెద్దగా నిలబెట్టబోతున్నారు, నా ఇంట్లోంచి పగిలిన రొట్టె వెళ్ళింది, దాచి తెచ్చావు, దాచావు, అని ఆ దాచావు అనేటప్పుడు మణికట్టు పట్టుకున్నాడు. బోల్టు తిప్పే చెయ్యి కదా. ఆ తర్వాత నూనె. ఆ తర్వాత మమ్మల్ని. నిన్న సాయంత్రం పొయ్యి పక్కనే నిలబడి కాల్చిందంతా చూశాడు, పగులు లేదని తృప్తిపడ్డాడు, ఒరిగి ఉందని మాత్రం కనిపెట్టలేకపోయాడు, కాటాలు సరిచేసే మనిషి. లేక కనిపెట్టాడేమో, ఎందుకు ఒరిగిందో తెలుసు గనక ఊరుకున్నాడేమో.

ముందు బెంచీలో ఇస్త్రీ బండి అమ్మాయి మెడ వంచుకుని కూర్చుంది, ముసుగు కింద నుంచి జడ కొస కనపడుతోంది. కొత్తగా చేరిన పిల్ల, మొగుడు ఈ వైపు రాడు. పోయిన నెల పెదవి చిట్లి వాచిపోయి వచ్చి చివరి బెంచీలో కూర్చుంది, అయ్యో తలుపు తగిలిందండీ అని అడక్కుండానే అందరికీ చెప్పింది. తలుపులకు ఈ ఆడవాళ్ళంటే ఎందుకో అంత కోపం. పెద్దలు మాట్లాడతారులే తల్లీ అని తాతయ్య ఆ పిల్ల తల నిమిరాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన అన్నాడు, ఆ పిల్లకి నోరు కాస్త ఎక్కువ, ఈ పెద్దరికం సంగతి తేలాక నేనే కూర్చోబెట్టి మాట్లాడతాను, లోబడటం నేర్చుకుంటే ఇల్లు అదే చక్కబడుతుంది. ఎంత మెత్తగా అన్నాడని. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. తన సంగతి తను ఎలాగో ఈదుకొస్తోంది, అలవాటైంది, ఏ అడుగు చప్పుడుకు ఏ గదిలో ఉండాలో తెలిసింది. ఈ పిల్లకేం తెలుసు. ఇవాళ అందరితో పాటు తనూ లేచి నిలబడితే, రేపట్నించి ఈ హాల్లో దెబ్బ తిన్న ప్రతి ఆడదీ ఆయన ముందే వచ్చి కూర్చోవాలి, ఆయన దగ్గరే కష్టం చెప్పుకోవాలి, ఆయన తూచి ఇచ్చిందే ఇంటికి పట్టుకుపోవాలి. లేవకపోతే, ఆరాధన అయ్యాక ఆ మెట్లు దిగి ఆయన వెనకే ఇంటికి తనొక్కతే వెళ్ళాలి. ఇవి రెండే దారులు, కళ్ళు మూసుకుని ఎంత వెతికినా మూడోది కనపడలేదు.

లేవడం. అది కూడా ఆయన పెట్టిన పద్ధతే. చేతులెత్తడం వద్దు, అది లోకం తీరు, ఎక్కువమందిదే గెలుపు అనడం మన తీరు కాదు, ఇది పోటీ కాదు సాక్ష్యం, సమ్మతి ఉన్నవాళ్ళంతా లేచి నిలబడాలి, ఆడవాళ్ళు కూడా, నిలబడటం మాట్లాడటం కాదు గనక వాళ్ళకూ చెల్లుతుంది, ఒక్కరు కూర్చుండిపోయినా ఆ పని అక్కడ ఆపెయ్యాలి, ఆ రోజు రొట్టె విరవకూడదు, ఒకే మనసు కుదిరేదాకా కనిపెట్టుకుని ఉండాలి. ఆయనే అన్నాడు. ఆ మాట అన్నరోజు ఆమె గర్వంతో పొంగిపోయింది, ఆడవాళ్ళను కూడా లెక్కలోకి తీసుకున్న మగవాడు ఇంకెక్కడ దొరుకుతాడని. ఆయన పద్ధతి ఆయనకే అడ్డం తిరిగే రోజు వస్తుందని అప్పుడు ఇద్దరికీ తోచలేదు. తనకు ఇప్పటికీ తోచడం లేదేమో, ఊరికే అనుకుంటోందేమో, తీరా లేవమనగానే మోకాళ్ళు వాటంతటవే లేస్తాయేమో, మోకాళ్ళకు అలవాటు ఎక్కువ.

తాతయ్య బల్ల దగ్గరికి వచ్చాడు, ఆమె భర్తను పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని గ్రంథం తెరిచాడు, చదివాడు, చదివింది మళ్ళీ తన మాటల్లో, ఇళ్ళకు తిరిగి ఉత్తరాలు చదివి పెట్టినట్టు, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పడం మొదలుపెట్టాడు, వేలు ఒక్కొక్క మాట మీద ఆనించి. పెద్ద అయ్యేవాడి మీద మచ్చ ఉండకూడదు. ఒక్క భార్యే ఉండాలి. తాగుడు ఉండకూడదు. ఆ తర్వాత మాట ఏమిటో ఆమెకు తెలుసు, ఎన్నిసార్లు విన్నదో, అయినా ఇవాళ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి తాతయ్య కళ్ళద్దాలు జారిపోయి చదవడం మరిచిపోతే బాగుండునని, కింద టైర్ల కొట్లో ఏదైనా పేలితే బాగుండునని అనిపించింది.

"కొట్టేవాడు కాకూడదు," అన్నాడు తాతయ్య. వేలు ఆ మాట మీద పెట్టి తలెత్తి ముసిముసిగా నవ్వాడు. "మన బ్రదర్ సంగతి వేరే చెప్పాలా? చీమకైనా హాని తలపెట్టని మనిషి."

మగవాళ్ళ వైపు మెల్లగా నవ్వులు లేచాయి. ఆడవాళ్ళ వైపు నవ్వే అలవాటు లేదు. ఆయన తల వంచుకునే ఉన్నాడు, చెవుల వెనక ఎర్రబడింది, సిగ్గా, భయమా, వినయమా, ఇన్నేళ్ళు కాపురం చేసి కూడా ఆ ఎరుపు ఏమిటో ఆమెకు తెలియదు. చీమ. నిజమే, ఇంట్లో చీమలు బారు కడితే పసుపు చల్లుతాడు గానీ చంపనివ్వడు. మీరు చీమల్నే అడగాల్సింది తాతయ్యా, ముందుగదిలో కూర్చుని నన్నెందుకు అడిగారు, అని లోపల ఒక నవ్వు పుట్టి ఏడుపుగా మారబోయింది, మింగేసింది.

"సమ్మతి ఉన్నవాళ్ళు లేవండి."

బెంచీలన్నీ ఒక్కసారి మూలిగాయి. ముందు ఇస్త్రీ అమ్మాయి చటుక్కున లేచింది, వెనక వాళ్ళు లేచారు, మగవాళ్ళ వైపు కుర్రాడి నుంచి కాటికి కాళ్ళు చాచిన వాడి దాకా అందరూ లేచారు, పోస్టు మామ్మ ముందు బెంచీ పట్టుకుని అబ్బా దేవుడా అనుకుంటూ ఆ మోకాళ్ళ మీద అంతంత ఒళ్ళూ లేపుకుంది. చుట్టూ అందరి వీపులూ లేచి నిలబడ్డాయి, గాలి ఆగిపోయింది, ఫ్యాను కూడా కనపడటం లేదు, బల్లా లేదు రొట్టే లేదు, ఉన్నట్టుండి ఆమె బావి అడుగున ఉన్నట్టుంది. మోకాళ్ళు లేవబోయాయి. నిజంగానే లేవబోయాయి, తొడలు బిగిశాయి, మడమలు నేలకు ఆనాయి, లే, లే, ఇంటికెళ్ళాక చూసుకుందాం, ఇంతమందిలో నీ ఒక్కదాని బోడి సమ్మతి ఎవడిక్కావాలి, అని ఒళ్ళంతా ఒకటే పోరు. ఎదురుగా ఇస్త్రీ అమ్మాయి జడ కొస ఉంది. ఆమె ఎడమచేత్తో బెంచీ అంచు పట్టుకుంది. నిన్న పిండిని వంకరగా చేసిన చెయ్యే, ఇప్పుడు మాత్రం గట్టిగా పట్టుకుంది, వదల్లేదు. లేవే తల్లీ, అని మామ్మ పైనుంచి గుసగుసగా అంది. లేవలేదు. ఒకరి వెనక ఒకరు తలలు తిప్పి చూడటం మొదలుపెట్టారు, వీపులు పక్కకు జరిగాయి, బల్ల కనపడింది, బల్ల వెనక తాతయ్య కనపడ్డాడు, ఆ పక్కన ఆయన కనపడ్డాడు.

"అమ్మా, ఒంట్లో బాగోలేదా?" తాతయ్య గొంతులో ఎంత దయ. "బాగోలేకపోతే కూర్చో తల్లీ, దోషం లేదు. కూర్చునే సమ్మతించొచ్చు."

ఇదిగో, తలుపు తెరిచి పెట్టాడు. తల ఒక్కసారి ఆడిస్తే చాలు, అవునండీ కళ్ళు తిరుగుతున్నాయి అన్నట్టు కళ్ళు మూస్తే చాలు, నీళ్ళు తెచ్చి ఇస్తారు, విసనకర్ర తెస్తారు, అంతా సవ్యంగా జరిగిపోతుంది, ఆయన పెద్ద అవుతాడు, ఇంటికి వెళ్ళి నూనె కూడా రాస్తాడు. ఇంత తేలిక దారి ఇన్నేళ్ళలో ఎవరూ ఇవ్వలేదు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఒకసారి ఊపితే చాలదేమోనని ఇంకోసారి ఊపింది.

తాతయ్య కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, ఏం చెయ్యాలో తోచక ఆయన వైపు తిరిగాడు. అభ్యంతరం ఉన్న మనిషి మాట్లాడకూడని మనిషైతే ఏం చెయ్యాలో వీళ్ళెవరూ ఎప్పుడూ అనుకోలేదు, ఎందుకనుకుంటారు.

"సరే బ్రదర్. మీరు చెప్పినట్టే ఇవాళ రొట్టె విరవొద్దు," అన్నాడు, కష్టంగా. "ఆడవాళ్ళు ఏదైనా తెలుసుకోవాలన్నా, తెలపాలన్నా ఇంటి దగ్గర భర్తతోనే కదా. మీ ఇంటావిడ మనసులో ఏముందో మీరే ఇంటికెళ్ళి నెమ్మదిగా అడగండి. వచ్చేవారం చూద్దాం."

"తప్పకుండానండీ," అన్నాడు ఆయన.

నెమ్మదిగానే అన్నాడు. కూర్చో, మాట్లాడాలి అన్నప్పటి నెమ్మది అది, ఆ హాల్లో ఎవరికీ తెలియదు, ఆమె వెన్నులోకి మాత్రం తెలిసింది. అయిపోయింది. తెగించి చేసిన ఒక్క పనినీ పద్ధతి ప్రకారం మడతపెట్టి మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టేశారు. ఇంటి దారి మొత్తం కళ్ళ ముందు పరుచుకుంది, మెట్లు, టైర్ల కొట్టు, సందు మలుపు, ఆయన తాళం తీసే చప్పుడు, నువ్వు ముందు లోపలికి పద అనడం. మామ్మ ఇక నిలబడలేక కూర్చోబోయింది, మోకాలు మడత పడలేదు, తూలింది, పడిపోకుండా పక్కకు చెయ్యి చాచి చేతికి అందినదాన్ని ముసుగు గుడ్డతో సహా గట్టిగా పట్టుకుంది, అందింది ఆమె కుడి మణికట్టు.

"అమ్మా!"

అది ఆమె గొంతే. మాట కాదు, పాట కాదు, ఆ రెంటికీ చెందని కేక, అది మాట్లాడటం కిందికి వస్తుందో రాదో ఎవరూ ఎప్పుడూ బోధించలేదు. గోడలకు తగిలి తిరిగి వచ్చింది. ఏమైందే, అని మామ్మ హడలిపోయి చెయ్యి వదిలేసి అడిగింది. ఏం లేదండి అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది, ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది, ఆ మాటకు వెతుక్కోవాల్సిన పని లేదు. ఆమె ఆ మాట అనలేదు. ఎడమచేత్తో ముసుగు పక్కకు తీసింది, జాకెట్టు చెయ్యి పట్టుకుని కొంచెం కొంచెంగా మోచేతి వైపు లాగింది. ఒక వైపు నాలుగు వేళ్ళూ, ఒక వైపు బొటనవేలూ, నల్లగా నీలంగా, ఎవరి చెయ్యో ఇంకా పట్టుకునే ఉన్నట్టు. ముందు బెంచీలోంచి తిరిగి చూస్తున్న ఇస్త్రీ అమ్మాయి చెయ్యి దాని పెదవి మీదికి పోయింది. మామ్మ ఆ మణికట్టు వైపు చూసింది, ఏడవలేదు, అయ్యయ్యో అనలేదు. తలెత్తి, ఇంట్లో వంటగదిలోంచి పిలిచే గొంతుతో, హాలంతా వినపడేటట్టు పిలిచింది.

"ఏవండీ. ఇటొకసారి రండి."

పోస్టు తాతయ్య వేలు ఇంకా గ్రంథంలో ఆ మాట మీదే ఉంది. వేలు వైపు చూసుకున్నాడు, భార్య వైపు చూశాడు, గ్రంథం మూయకుండానే బల్ల వదిలి నడిచాడు. నడుమనున్న చాప దారి దాటి ఆరాధనలో మగవాడెవరూ ఇటు అడుగు పెట్టలేదు, తాతయ్య పెట్టాడు, ముసుగుల మధ్య నుంచి వంగి వంగి వచ్చి ఆమె ముందు ఆగాడు. అటు నుంచి కాటా బ్రదర్ కూడా ఒక అడుగు వేశాడు. మీరక్కడే ఉండండి, అని తాతయ్య వెనక్కి తిరక్కుండానే చెయ్యి అడ్డం పెట్టాడు. కళ్ళద్దాలు సర్దుకుని ఆ మణికట్టును చూశాడు, చిరునామా చెరిగిపోయిన ఉత్తరం చూసినట్టు దగ్గరగా చూశాడు, చూసేకొద్దీ మొహం మారిపోయింది. బెంచీ అంచు పట్టుకుని ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు. "ఇక్కడే చెప్పు."

అందరూ ఇంకా నిలబడే ఉన్నారు. ఆ హాల్లో పాటకు తప్ప ఎన్నడూ సవరించుకోని గొంతును ఆమె సవరించుకుంది.